మధ్య పేజీ ఎక్కడ? ఒక కొత్త మాస్టారి పాఠం

పగలంతా కన్సల్టింగు, వారానికి రెండు సాయంత్రాలు మా ఊరి కమ్యూనిటీ కాలేజీలో ప్రోగ్రామింగు పాఠాలు. కొన్ని నెలలుగా ఇదీ నా దినచర్య. "మాస్టర్స్ చేశాం, పదేళ్ళుగా కోడు రాస్తున్నాం, పాఠం చెప్పడం ఎంత పని?" అనుకుంటూ మొదలుపెట్టాను. నాలుగో వారానికే ఆ ధీమా కాస్తా దిగిపోయింది.

ఆ రోజు పాఠం బైనరీ సెర్చ్. మీకు తెలియనిదేం కాదు, నిఘంటువులో మాట వెతకడం లాంటిదే. మధ్య పేజీ తెరుస్తాం. కావలసిన మాట అంతకు ముందు వుంటుందనుకుంటే వెనక సగం వదిలేస్తాం, తరువాత వుంటుందనుకుంటే ముందు సగం వదిలేస్తాం. ఇలా సగాలు చేసుకుంటూ పోతే, వరసలో పేర్చిన వంద కోట్ల అంకెల్లోనైనా ముప్ఫై ప్రయత్నాల్లో తేలిపోతుంది. ఒకప్పుడు ఇంటర్వ్యూల కోసం బట్టీపట్టిన కోడుని చూడకుండా బోర్డు మీద రాసేశాను. మధ్య స్థానానికి అందరూ రాసేదే రాశాను: (మొదలు + చివర) / 2.

వెనక వరసలోంచి ఒకాయన చెయ్యెత్తాడు. పగలు గిడ్డంగిలో పనిచేసి సాయంత్రం చదువుకుంటున్న మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. "ఆ రెండూ కలిపితే వచ్చే సంఖ్య ఇంటీజర్‌లో పట్టకపోతే?" అని అడిగాడు. "అంత పెద్ద ఎరేలు ఎక్కడుంటాయి, అది నిజంగా జరిగేది కాదు" అని నవ్వేసి ముందుకెళ్ళిపోయాను. నిజం చెప్పాలంటే నేనెప్పుడూ ఆ సంగతి ఆలోచించలేదు. ఆయన మళ్ళీ ఆ రోజు చెయ్యెత్తలేదు.

రాత్రి ఇంటికొచ్చి వెతికితే అసలు కథ బయటపడింది. జాన్ బెంట్లీ అనే ఆయన కార్నెగీ మెలన్‌లో, అంటే మన రాజ్ రెడ్డి గారి విశ్వవిద్యాలయంలో, కొత్తగా చేరిన పీహెచ్‌డీ విద్యార్థులచేత మొదటి క్లాసులోనే బైనరీ సెర్చ్ రాయించేవాడు. తరువాత వాళ్ళ కోడులో తప్పులు అందరి ముందూ విప్పి చూపించేవాడు. 1986లో వచ్చిన 'ప్రోగ్రామింగ్ పెర్ల్స్' పుస్తకంలో ఆయనే ఈ ప్రోగ్రాముని రాసి, సరైనదేనని నిరూపించాడు కూడా. ఆ క్లాసులో కూర్చున్న జాషువా బ్లాక్ తరువాత జావా లైబ్రరీకి బైనరీ సెర్చ్ రాశాడు. 2006లో ఆ బ్లాకే, తన కోడులోనూ గురువుగారి పుస్తకంలోనూ ఒకే తప్పుందని లోకానికి చెప్పాడు. ఆ తప్పు మా వెనక వరసాయన అడిగినదే!

లెక్క చూడండి. జావాలో ఇంటీజర్ 214 కోట్ల చిల్లర దాకానే పడుతుంది. మొదలు 120 కోట్లు, చివర 130 కోట్లు అనుకుందాం. మొత్తం 250 కోట్లు. పట్టదు. జావా కిక్కురుమనకుండా మైనస్ 179 కోట్ల చిల్లర అంటుంది. దాన్ని సగం చేసి ఎరేలో వెతికితే ప్రోగ్రాం కూలుతుంది. మందు చిన్నదే: మొదలు + (చివర - మొదలు) / 2. అప్పుడు 125 కోట్లు నికరంగా వస్తుంది.

ఇరవయ్యేళ్ళు ఎవరూ ఎందుకు పట్టుకోలేదు? 1986లో వంద కోట్ల అంకెలు పట్టే మెమరీ మామూలు కంప్యూటర్లకు ఊహకందని మాట. నిరూపణ ఊహించుకున్న లోకానికి ఆ కోడు సరిపోయింది. లోకమే పెరిగింది.

మనం 'జీవితాంతం నేర్చుకోవాలి' అంటే ఏడాదికో కొత్త ఫ్రేమ్‌వర్కు, ఇంకో సర్టిఫికేటు అనుకుంటాం. అవీ కావాలి, కాదనను. కానీ బాగా వచ్చనుకున్న పాత పాఠాన్ని తీసి, అది ఏ ఊహల మీద నిలబడిందో, ఆ ఊహలు ఇప్పటికీ నిజమేనా అని చూసుకోవడం కూడా నేర్చుకోవడమే. మార్కుల కోసం బట్టీపట్టిన మనలాంటి వాళ్ళకి అది మరీ కష్టం. బట్టీలో జవాబుంటుంది కానీ దాని వెనకున్న ఊహ వుండదు.

అందుకని నాకు నేను రెండు నియమాలు పెట్టుకున్నాను. ఒకటి, నేను రాసి చూపించే ముందు విద్యార్థుల చేత రాయించడం. రెండు, తెలియకపోతే "తెలియదు, వచ్చే క్లాసుకి చూసొస్తాను" అనడం, అన్నట్టే చూసి రావడం.

తరువాతి క్లాసులో ముందుగా పాత కోడే బోర్డు మీద రాసి, "పోయినసారి ఆయన అడిగింది సరైన ప్రశ్న, నేను చెప్పింది తప్పు" అన్నాను. క్లాసు ఒక్క క్షణం నిశ్శబ్దం. పైనున్న లెక్కంతా వాళ్ళ చేతే చేయించాను. మైనస్ గుర్తు వచ్చేసరికి అందరూ నవ్వారు. పాఠం అయ్యాక వెనక వరసలో మళ్ళీ చెయ్యి లేచింది.

"మరి గుణించేటప్పుడో?"

ఈసారి సుద్దముక్క ఆయన చేతికే ఇచ్చాను.