ఫ్లూ వెనుక వచ్చు న్యుమోనియా

ఫ్లూ, న్యుమోనియా అను మాటలు రెండును మన ఇండ్లలో తరచుగా వినవచ్చునవే. అయినను వాని మధ్యగల సంబంధమేమని ప్రశ్నించినచో చదువుకొన్నవారును తడబడుదురు. ఫ్లూ ముదిరినచో న్యుమోనియాగా మారునని కొందరి తలంపు. రెండును ఒకే వ్యాధికి రెండు పేర్లని మరికొందరి నమ్మకము. ఫ్లూ వైరసు వలన కలుగు జ్వరము. న్యుమోనియా యనగా ఊపిరితిత్తులలోని గాలి సంచులు చీముతోను నీరుతోను నిండుట. ఆ స్థితిని ఫ్లూ వైరసే నేరుగా కలిగింపవచ్చును. కాని ఫ్లూ తరువాత వచ్చు న్యుమోనియాలో చాలవాటికి కారణము బాక్టీరియా, అనగా పూర్తిగా వేరొక జీవి. మేము వైద్యులము కాము, తెలుగు బోధించువారము. అయినను ఈ విషయమును గూర్చి వ్రాయ సాహసించితిమి. ఈ రెండు రోగముల మధ్యనున్న నాలుగైదు దినములలో ఇంటివారు గ్రహింపవలసినది గ్రహింపకపోవుటచే ప్రాణములు పోవుచున్నవి.

పాతబస్తీలో పెద్దలు వాడు మాట యొకటి ఈ సంబంధమును చక్కగా పట్టుకొన్నది. జలుబు చేసి, కొన్నాళ్లకు దగ్గును ఆయాసమును వచ్చినచో ‘నజ్లా ఛాతీమీద పడినది’ అందురు. నజ్లా అను అరబ్బీ పదమునకు క్రిందికి దిగునది అని ధాత్వర్థము. యూనానీ వైద్యములో ఊపిరితిత్తుల వాపునకు జాతుర్రియా అనియు, ప్రక్కటెముకల లోపలి పొర వాపునకు జాతుల్ జన్బ్ అనియు వేర్వేరు పేర్లున్నవి. పసిబిడ్డకు ఊపిరి అందని స్థితిని తెలుగువారు ‘డొక్కలెగురవేయుట’ అందురు. మన గల్లీలలో దానినే ‘పస్లీ చల్నా’ అందురు. భాషలు రెండైనను చూపు ఒక్కటే. ఇన్‌ఫ్లూయెంజా అను ఇటాలియను మాటకు మాత్రము ‘ప్రభావము’ అని అర్థము. నక్షత్రముల ప్రభావముచే ఈ జ్వరము వచ్చునని పూర్వము ఐరోపావారు తలచిరి. ఈ విషయమున మన ముసలమ్మల పరిశీలనయే మేలని మాకు తోచుచున్నది.

ఇంతకును క్రిందికి దిగునది ఏమి? మన శ్వాసనాళముల లోపలి గోడలపై కంటికి కానరాని సన్నని నూగు ఉండును. అది ఎడతెగక పైకి ఊగుచు దుమ్మును, సూక్ష్మజీవులను జిగురుతో కలిపి గొంతువైపు నెట్టుచుండును. ఫ్లూ వైరసు ఈ నూగుగల కణములలోనే ప్రవేశించి, అచ్చటనే వృద్ధిచెంది, వానిని చంపును. కణములు రాలిపోయిన చోట గోడ బోసిపోవును. ఇక న్యుమోకాకస్ అను బాక్టీరియా సంగతి చూడుడు. అది ఎక్కడినుండియో వచ్చునది కాదు. ఆరోగ్యవంతుల ముక్కులలో, గొంతులలో, ముఖ్యముగా చిన్నపిల్లలలో, ఏ హానియు చేయక నివసించుచుండును. ఫ్లూ వైరసు తన ఎంజైముతో కణములపైనున్న సియాలిక్ ఆమ్లమును కత్తిరించినపుడు ఈ బాక్టీరియాకు అంటుకొనుటకు చోటును, పెరుగుటకు ఆహారమును ఒకేసారి లభించును. అంతకన్న విచిత్రమైన విషయము మరొకటి కలదు. వైరసును ఎదుర్కొనుటకు దేహము పుట్టించు ఇంటర్‌ఫెరాన్ అను పదార్థములే, బాక్టీరియాను మ్రింగవలసిన రక్షక కణములను కొన్నాళ్లపాటు మందగింపజేయును. ఒక శత్రువుతో పోరుటలో మునిగిన దేహము రెండవ శత్రువు ఎదుట బలహీనమగును. అందుచేతనే ఫ్లూ తగ్గుముఖము పట్టిన వేళ, జబ్బు మొదలైన సుమారు వారము దినములకు, ఈ ప్రమాదము హెచ్చుగా నుండును. న్యుమోకాకస్‌తోపాటు స్టెఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్ జాతులును ఇట్టి సమయమునే వినియోగించుకొనును.

దీనికి మన దేశచరిత్రలో అన్నిటికన్న పెద్ద నిదర్శనము 1918. ఆ సంవత్సరము జూన్ నెలలో బొంబాయి రేవున ప్రవేశించిన ఫ్లూ మొదట తేలికగానే కనబడినది. సెప్టెంబరునుండి అది భయంకరరూపము దాల్చినది. ఆ యేడు వానలు లేవు. ధాన్యపు ధరలు మిన్నంటినవి. దేశములో 1 కోటి 20 లక్షలనుండి 2 కోట్లవరకు జనము మరణించిరని అంచనా. హైదరాబాదు సంస్థానపు జనసంఖ్య 1911లో సుమారు 1 కోటి 34 లక్షలుండగా, 1921 నాటికి సుమారు 1 కోటి 25 లక్షలకు తగ్గినది. నగరపు జనసంఖ్యయు సుమారు 5 లక్షలనుండి 4 లక్షలకు పడిపోయినది. ఇందులో ప్లేగు, కరవుల పాలును ఉన్నదని మరువరాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడినదియు 1918లోనే యనుట విద్యార్థులు గమనింపదగిన విషయము. అంటువ్యాధుల కొరకు 1915లో నెలకొల్పిన క్వారంటైను ఆసుపత్రి పేరు ప్రజల నోట ‘కోరంటి’ అయి, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి నేటికిని నిలిచియున్నది.

ఆనాడు ఫ్లూకు కారణము వైరసని ఎవరికిని తెలియదు. 1892లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫైఫర్ ఫ్లూ రోగులనుండి వేరుచేసిన బాక్టీరియాయే దానికి మూలమని పెక్కుమంది నమ్మిరి. మనుష్యులలోని ఫ్లూ వైరసు 1933లో గాని దొరకలేదు. అంతట, బాక్టీరియాకు ఈ రోగముతో సంబంధమే లేదా యని ప్రశ్న. 2008లో అమెరికాలో టాబెన్‌బెర్గర్, మోరెన్స్, ఫౌచీ అను శాస్త్రజ్ఞులు 1918 నాటి మృతుల ఊపిరితిత్తుల ముక్కలను మరల పరీక్షించి, వేలకొలది శవపరీక్షల నివేదికలను చదివిరి. మృతులలో అత్యధికులు ఫ్లూ వెనుక వచ్చిన బాక్టీరియా న్యుమోనియాతోనే మరణించిరని తేలినది. ఫైఫర్ చూచినది హంతకునే కాకపోయినను, హంతకుని తోడుదొంగను అని చెప్పవచ్చును. 1918లో పెన్సిలిన్ లేదు. దానిని ఫ్లెమింగ్ కనుగొన్నది 1928లో, రోగులకు విరివిగా అందినది 1940 తరువాత.

అట్లని మందులు వచ్చినందున సమస్య తీరినదనుట పొరపాటు. 2009 మే నెలలో మన దేశమున తొలిసారిగా నిర్ధారింపబడిన స్వైన్ ఫ్లూ రోగి హైదరాబాదు విమానాశ్రయములో దిగిన ప్రయాణికుడే. ఆ సంవత్సరము అమెరికాలో ఆ వ్యాధితో మరణించిన 77 మంది ఊపిరితిత్తులను పరీక్షింపగా 22 మందిలో బాక్టీరియా కనబడినది. యాంటిబయాటిక్ మందులు సమృద్ధిగా దొరకు దేశములోనే ఇట్లు జరిగినది.

కావున ఇంటివారు గమనింపవలసిన గుర్తు రెండవ జ్వరము. ఫ్లూ తగ్గి రోగి లేచి తిరుగుచుండగా మరల చలితో జ్వరము వచ్చుట, పసుపు లేక తుప్పు రంగు కఫము పడుట, ఊపిరి తీసినపుడు ప్రక్కలో పోటు, ఆయాసము కలుగుట — వీనిలో ఏది కనిపించినను ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. వృద్ధులలో జ్వరము లేకయే మతి తప్పుట మాత్రము కనబడవచ్చును. దానిని వయసు దోషమని తలచి ఊరకుండువారు చాలమంది కలరు. పిల్లల విషయమున గడియారమే చాలును. బిడ్డ ఏడువక యున్నపుడు ఒక నిమిషము ఊపిరులు లెక్కింపవలెను. రెండు నెలల లోపు బిడ్డకు 60, సంవత్సరము లోపు వానికి 50, అయిదేండ్ల లోపు వానికి 40, లేక అంతకు మించినచో అది జలుబు కాదు. డొక్కలు లోనికి పోవుచున్నచో లెక్క కూడ అక్కరలేదు. తావీజు కట్టుటకు మేము అడ్డు చెప్పము. కట్టి ఆసుపత్రికి తీసికొనిపొండు.

ఇందుకు విపరీతముగా, మొదటి దినపు జ్వరమునకే మందుల దుకాణములో యాంటిబయాటిక్ బిళ్లలు రెండు మూడు కొని మ్రింగు అలవాటు మన బస్తీలలో బలముగా నున్నది. ఆ బిళ్లలు వైరసును ఏమియు చేయలేవు. ముక్కులోని బాక్టీరియాలో బలహీనమైనవి చచ్చి మొండివి మిగులును. రెండవ జ్వరము వచ్చునాటికి మందు పనిచేయక పోవచ్చును. పొగ త్రాగుటయు, కిటికీ లేని వంటగది పొగయు ఆ నూగును ముందే చెరచియుంచును.

టీకాలు కలవు. న్యుమోకాకస్ టీకా 2021నుండి దేశమంతటను పసిబిడ్డలకు ఉచితముగా ఇచ్చుచున్నారు. ఆరు వారములకు, పదునాలుగు వారములకు, తొమ్మిది నెలలకు వేయింపవలెను. ఫైఫర్ కనుగొన్న జాతికి చెందిన హిబ్ అను బాక్టీరియాకు పెంటావలెంట్ టీకాలో రక్షణ కలదు. ఫ్లూ టీకా మాత్రము యేటేట వేసికొనవలసినది. ప్రభుత్వ ఉచిత పట్టికలో లేదు. హజ్ యాత్రకు పోవు వృద్ధులకు ప్రయాణమునకు ముందు దానిని వేయుదురు. అదే వయసున ఇంటిలో మనుమలతో ఒకే గదిలో పరుండు తాతకు, అవ్వకు అది కావలెనన్నచో వెలయిచ్చి కొనవలసియున్నది.