పరమాణువుల తరాజు

1971లో హైదరాబాదులో స్థాపితమైన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో మన దేశపు భారజల రియాక్టర్లకు జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాలు తయారవుతున్నాయి. 220 మెగావాట్ల రియాక్టరు ఒక్కదానిలోనే ఇట్టి పీడన గొట్టాలు 306 ఉంటాయి. యురేనియం ఇంధనాన్ని కడుపులో పెట్టుకొని అవి ఏళ్ల తరబడి న్యూట్రాన్ల తాకిడికి గురవుతాయి. రాజస్థాన్‌లోనూ, కల్పాక్కంలోనూ పాత గొట్టాలు తీసి కొత్తవి బిగించారు. మరి తీసిన గొట్టం సంగతేమిటి? దాన్ని ఎంతకాలం భద్రంగా కాపాడాలి? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే అందులో ఏముందో, ఎంతుందో ముందు కొలవాలి.

జిర్కోనియం-92 కేంద్రకం ఒక న్యూట్రానును మింగితే జిర్కోనియం-93 అవుతుంది. దీని అర్ధాయువు సుమారు 16 లక్షల సంవత్సరాలు. మామూలుగా రేడియోధార్మికతను కౌంటరుతో కొలుస్తాం. అంటే, విఘటనం చెందే పరమాణువు వదిలే కిరణాన్ని లెక్కిస్తామన్నమాట. 5.27 సంవత్సరాల అర్ధాయువు గల కోబాల్ట్-60 పరమాణువులు లక్ష కోట్లు ఉన్నాయనుకోండి. 0.693ను అర్ధాయువుతో భాగించి చూస్తే, రోజుకు దాదాపు 36 కోట్లు విఘటనం చెందుతాయి. అన్నే జిర్కోనియం-93 పరమాణువులుంటే రోజుకు సుమారు 1,200 మాత్రమే! అవి వదిలే బీటా కణాలు కూడా చాలా బలహీనం. మిగిలినవన్నీ ఉలకవు, పలకవు. బస్తాలో గింజలెన్నో తెలుసుకోవడానికి మొలకెత్తినవాటినే లెక్కబెడితే ఎట్లా?

అందుకే ద్రవ్యరాశి వర్ణపటమాపకం, అంటే మాస్ స్పెక్ట్రోమీటరు కావాలి. 1919లో ఆస్టన్ కేంబ్రిడ్జిలో ఇట్టి పరికరంతో ఐసోటోపులను వేరు చేసి, 1922లో నోబెల్ బహుమతి పొందాడు. లోహపు ముక్కను ఆమ్లంలో కరిగించి, పరమాణువులను అయాన్లుగా మార్చి, విద్యుత్ క్షేత్రంతో వేగంగా నడిపించి, అయస్కాంతం గుండా పంపుతారు. తేలికవి ఎక్కువ వంగుతాయి, బరువైనవి తక్కువ. వరికోత మిషన్లు రాకముందు మా ఆత్మకూర్ (ఎస్) కల్లాల్లో వడ్లు తూర్పార పడితే తాలు దూరంగా, గట్టిగింజ దగ్గరగా పడేది. ఇదీ అటువంటిదే. పరమాణువు విఘటనం చెందేదాకా వేచి ఉండే పని లేదు. ఉన్నదాన్ని ఉన్నట్లు లెక్కించవచ్చు.

కాని ఇక్కడొక చిక్కుంది. ప్రకృతిలో దొరికే నియోబియమంతా నియోబియం-93. పీడన గొట్టాల మిశ్రలోహంలో కలిపేది 2.5 శాతం నియోబియమే! పైగా జిర్కోనియం-93 విఘటనం చెందితే మిగిలేదీ అదే. ఈ రెండింటి బరువుల్లో తేడా పది లక్షల్లో ఒక వంతు మాత్రమే. సాధారణ పరికరానికి అది అందదు. కావున ముందుగా అయాన్ వినిమయ పద్ధతిలో నియోబియాన్ని తొలగించాలి. గాలికి విడిపోని కలుపుగింజను జల్లెడ పట్టి తీసినట్లు. ఆ తరువాతే యంత్రం చెప్పే నిష్పత్తిని నమ్మాలి. ఎంత గొప్ప పరికరమైనా దాని ముందు రసాయన శాస్త్రవేత్త శ్రద్ధగా పని చేయనిదే సరైన అంకె ఇవ్వదు.

2003లో మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో లంబాపూర్–పెద్దగట్టు యురేనియం గనులపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అణుశక్తి మాట వస్తే కొందరికి భయం, కొందరికి ధీమా. రెండింటికీ ఆధారం కొలతే కావాలి. లక్షల ఏళ్లు నిలిచే పదార్థాన్ని రాబోయే తరాలకు అప్పగిస్తున్నప్పుడు, అందులో ఎంత ఉందో సరిగ్గా లెక్క చెప్పడం మన బాధ్యత. ఆ లెక్క చెప్పగలవారు మన తరగతి గదుల్లోంచి కూడా రావాలి.