స్పానిష్ భాషలో తొలి పలకరింపు

పరాయి భాషలో నేర్చుకొనవలసిన మొదటి పాఠం వ్యాకరణం కాదు, పలకరింపు. పులికాట్ సరస్సు చెంత, ఆంధ్ర తమిళనాడుల సరిహద్దున ఉన్న తడవాసులకు ఇది కొత్త సంగతి కాదు. తెలుగు, తమిళం, ఉర్దూ వినవచ్చే ఈ సీమలో ఎదుటివారిని ఏ మాటతో పిలవాలో తెలిసిన పిదపనే సంభాషణ సాగుతుంది. ఆ అనుభవాన్నే ఆధారంగా చేసుకొని మనమిప్పుడు స్పానిష్ భాష వాకిట నిలుద్దాము.

స్పానిష్ 45 కోట్ల మందికి పైగా మాతృభాష; సుమారు 20 దేశాల్లో అధికార భాష. మన రాష్ట్రానికి దానితో బంధుత్వం కూడా ఉన్నది. 1920లో బార్సిలోనాలో జన్మించిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును స్థాపించి, 2009లో కన్నుమూసే వరకు ఆ కరవు నేలనే సేవించారు. స్పెయిన్ దాతలకూ అక్కడి పల్లె పిల్లలకూ నడుమ ఉత్తరాలు నడిచాయి. ఆ ఉత్తరాలకు వారధి భాషయే గదా!

ఉచ్చారణ: మనకిది సులభం. స్పానిష్‌లో ఇంగ్లీషు వలె ట, డ లు లేవు. మన త, ద లే ఉన్నవి. వర్ణమాలలో నేర్చి మరచిన ఞ కారం అక్కడ సజీవంగా ఉన్నది: 'సెఞోర్' అనగా అయ్యా. ఉర్దూలోని 'ఖే' ధ్వని కూడా ఉన్నది. కనుక తెలుగు, ఉర్దూ విద్యార్థులు ఒకరికొకరు గురువులు కావచ్చు.

పలకరింపులు:
ఓలా – నమస్కారం (చనువుగా)
బ్వేనోస్ దీయాస్ – శుభోదయం
బ్వేనాస్ తార్దేస్ – మధ్యాహ్నం, సాయంత్రం పలికేది
బ్వేనాస్ నోచేస్ – రాత్రి కలిసినా, విడిపోయినా పలికేది

పరిచయ ప్రశ్నలు:
కోమో ఎస్తా ఉస్తేద్? – మీరు కుశలమా?
బ్యేన్, గ్రాసియాస్. – కుశలమే, కృతజ్ఞతలు.
కోమో సే యామా ఉస్తేద్? – మీ పేరేమిటి?
మే యామో కరీమ్. – నా పేరు కరీమ్.
దే దోందే ఎస్ ఉస్తేద్? – మీది ఏ ఊరు?
సోయ్ దే తడ. – మాది తడ.

వారి నోట 'డ' పలుకదు గనుక అతిథి మన ఊరిని 'తద' అనవచ్చు; నవ్వరాదు. మన నోట వారి ఊళ్ల పేర్లూ అట్లే మారును.

ఇక అసలు జాగ్రత్త. 'ఉస్తేద్' మన 'తమరు', ఉర్దూ 'ఆప్' వంటిది. 'తమ అనుగ్రహము' అను అర్థముగల పాత మర్యాద మాట అరిగి అట్లయినది. చనువైన మాట 'తూ'. ఉర్దూలోనూ 'తూ' ఉన్నందున తేలికగా నోటికి వచ్చును. కాని పెద్దలను, కొత్తవారిని అట్లు పిలిస్తే మనము నొప్పించినవారమగుదుము. సందేహమున్నచోట 'ఉస్తేద్' అనుటే క్షేమం.

సెలవు తీసుకొనునప్పుడు 'ఆదియోస్' అంటారు. 'దేవునికి అప్పగింత' అని దాని మూలార్థం. మన 'ఖుదా హాఫిజ్' గుర్తుకు రాదా? 711 నుండి 1492 వరకు ఆ దేశంలో సాగిన ముస్లిం పాలన వలన అరబ్బీ మాటలెన్నో అందు చేరినవి. 'అట్లు జరుగుగాక' అనుటకు వాడే 'ఓఖలా' అరబ్బీ నుండి వచ్చినదే. అందులో అల్లా నామమున్నది.

విద్యార్థులు ఇద్దరిద్దరుగా కూడి పై ప్రశ్నలను పది మార్లు అడిగి చెప్పుకొనవలెను. కళాశాల కమిటీ పెద్దలు గ్రంథాలయానికొక స్పానిష్ నిఘంటువు సమకూర్చిన, ఈ తొలి పలకరింపు సంభాషణగా ఎదుగును.