స్కోరు చెప్పేదెంత, మాట చేసేదెంత?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు రెండే సందేహాలు. డిప్రెషన్‌ని ప్రశ్నలడిగి ఎలా కొలుస్తారు? మాటలతో ఎలా తగ్గిస్తారు? అందరికీ పనికొచ్చే ఆరు ప్రశ్నలు ఎంచి జవాబులిస్తున్నాం. రాసినవారి పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 29 ఏళ్ళు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మూడు నెలలుగా పని మీద ధ్యాస నిలవడం లేదు. సెలవు రోజంతా మంచం మీదే గడిచిపోతోంది. ఫోన్‌లో తొమ్మిది ప్రశ్నల పరీక్ష ఒకటి చేస్తే 14 మార్కులు వచ్చాయి. ‘మోడరేట్ డిప్రెషన్’ అని చూపించింది. నాకు జబ్బు ఉన్నట్టేనా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అనుమానించాలి. ఖాయం మాత్రం చేసుకోకండి.

మీరు చేసిన పరీక్ష పేరు పీహెచ్‌క్యూ-9. గడిచిన రెండు వారాల్లో దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, నీరసం, ఆకలి, తనంటే తనకే చిన్నచూపు, ధ్యాస కుదరకపోవడం, మందకొడితనం లేదా కాలు నిలవనితనం, చావు ఆలోచనలు ఎన్ని రోజులు బాధించాయో అడుగుతుంది. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. 5 నుంచి స్వల్పం, 10 నుంచి ఒక మోస్తరు, 15 నుంచి కాస్త తీవ్రం, 20 పైన తీవ్రం.

ఈ పరీక్ష ఎంత నిజం చెబుతుందో 2001లో దాన్ని తయారుచేసినవాళ్ళే పరిశీలించారు. 10 దగ్గర గీత గీస్తే, డిప్రెషన్ ఉన్నవాళ్ళలో 88 శాతం మంది దొరికారు. లేనివాళ్ళలో 88 శాతం మంది సరిగ్గానే బయటపడ్డారు. వినడానికి గట్టిగానే ఉంది కదా! కానీ లెక్క వేసి చూడండి. వెయ్యి మందిలో 50 మందికి నిజంగా డిప్రెషన్ ఉందనుకుందాం. వాళ్ళలో 44 మంది దొరుకుతారు. జబ్బు లేని 950 మందిలో 12 శాతం, అంటే 114 మందికి కూడా 10 దాటుతుంది. స్కోరు పెరిగిన 158 మందిలో అసలు రోగులు 44 మందే! అందుకే దీన్ని వడపోత పరీక్ష అంటారు తప్ప రోగనిర్ధారణ అనరు. నిర్ధారణకి డాక్టరు ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. థైరాయిడ్, రక్తహీనత, తాగుడు, గతంలో ఎప్పుడైనా అతి హుషారు వచ్చిందా అన్నవి తరచి అడగాలి. ఈ ఇబ్బంది వల్ల ఉద్యోగం, ఇల్లు ఎంత దెబ్బతిన్నాయో చూడాలి.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండటం మంచిది. ఈ ప్రశ్నావళి తయారీకి గ్రాంటు ఇచ్చింది ఫైజర్ కంపెనీ. డిప్రెషన్ మందు జోలాఫ్ట్ అమ్మిందీ వాళ్ళే. అంతమాత్రాన పరీక్ష చెడ్డదైపోదు. ఎన్నో దేశాల్లో, కంపెనీతో సంబంధం లేనివాళ్ళు పరీక్షించినా నిలబడింది. అయితే స్కోరు చూసి నేరుగా మందుల షాపుకి వెళ్ళకూడదనడానికి ఇదీ ఒక కారణమే.

మూడు నెలలు చాలా కాలం. ఈ వారమే డాక్టరుని కలవండి. 14 అని, చేసిన తేదీతో సహా రాసి పెట్టుకోండి. చికిత్స మొదలయ్యాక మళ్ళీ ఇదే పరీక్ష చేస్తే 5 మార్కులైనా తగ్గాలి. దీని అసలు ఉపయోగం అక్కడే ఉంది.

ప్రశ్న: నేను ఆశా కార్యకర్తను. ఇంటింటికీ వెళ్ళి ఇలాంటి ప్రశ్నలు అడగమంటే ఎనిమిది దాకా బాగానే అడుగుతాను. తొమ్మిదోది, చచ్చిపోవాలనిపించిందా అనేది, అడగాలంటే నోరు రాదు. లేని ఆలోచన మనమే పుట్టించినట్టు అవదా?
– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అవదమ్మా. ఈ భయం డాక్టర్లకీ ఉంటుంది. దాని మీద పరిశోధనలు కూడా జరిగాయి. న్యూయార్క్ రాష్ట్రంలో రెండు వేల మందికి పైగా హైస్కూలు పిల్లల్ని రెండు జట్లు చేసి, ఒక జట్టుని ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగారు, రెండో జట్టుని అడగలేదు. అడిగినవాళ్ళలో ఆ ఆలోచనలు పెరగలేదు. అప్పటికే కుంగిపోయి ఉన్న పిల్లలకైతే అడిగినందువల్ల కాస్త తేలికపడ్డట్టే కనిపించింది. 2005లో వచ్చిన ఫలితాలివి.

అడిగే పద్ధతి ముఖ్యం. అత్తగారో, భర్తో పక్కన ఉండగా అడగకండి. ఇంటి వెనకో, అరుగు మీదో ఒంటరిగా ఉన్నప్పుడు, ‘ఇంత బాధలో ఉన్నప్పుడు బతకడం ఎందుకు అనిపిస్తుంటుంది. మీకెప్పుడైనా అనిపించిందా?’ అని మామూలు గొంతుతో అడగండి. అవునంటే బెదిరిపోవద్దు, నీతులు చెప్పొద్దు. ఎలా చేసుకోవాలనుకుందో, ఎప్పుడనుకుందో అడగండి. ఆలోచన పథకం దాకా వెళ్ళి ఉంటే ఆమెను ఒంటరిగా వదలకుండా, అదే రోజు పీహెచ్‌సీకి చేర్చాలి. పురుగుమందు డబ్బా ఇంట్లో ఉంటే ఆ పూటే బయటికి పంపించేయాలి. విషం చేతికి అందకపోతే ప్రాణాలు దక్కుతాయనడానికి శ్రీలంకే సాక్ష్యం. ప్రమాదకరమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించాక అక్కడ ఆత్మహత్యల రేటు 1995 నాటితో పోలిస్తే దాదాపు 70 శాతం పడిపోయింది.

పోలీసు కేసు అవుతుందని కుటుంబాలు దాస్తుంటాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగా భావించాలే తప్ప శిక్షించకూడదు. ఈ మాట వాళ్ళకి చెప్పండి.

మీ పని చిన్నది కాదు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు మీ జిల్లాలోనూ, హర్యానాలోనూ ఆశాల చేతికి ట్యాబ్‌లిచ్చి, ఊళ్ళో డిప్రెషన్ ఉన్నవాళ్ళని గుర్తించి పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపే పద్ధతిని 44 పీహెచ్‌సీల పరిధిలో పరీక్షించారు. ఏడాది తర్వాత చూస్తే, మామూలు పద్ధతి నడిచిన చోట్ల కంటే ఇక్కడ డిప్రెషన్ స్కోర్లు ఎక్కువగా తగ్గాయి. 2024లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

ప్రశ్న: మా అబ్బాయిని డిప్రెషన్ అని సైకాలజిస్టు దగ్గరికి పంపుతున్నాం. ముప్పావుగంట మాట్లాడి పన్నెండు వందలు తీసుకుంటున్నారు. మందు లేదు, మాత్ర లేదు. ఆ కబుర్లేవో మేమే చెప్పలేమా? మాట్లాడితే జబ్బు తగ్గుతుందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: మాస్టారూ, మీకన్నా ముందే ఈ ప్రశ్న అడిగి పెద్ద దుమారం లేపినాయన ఉన్నాడు. 1952లో హాన్స్ ఐసెంక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మాటల వైద్యం చేసినా చేయకపోయినా మూడింట రెండు వంతుల మంది రెండేళ్ళలో వాళ్ళంతట వాళ్ళే కోలుకుంటున్నారని రాశాడు. దానికి గట్టి జవాబు రావడానికి పాతికేళ్ళు పట్టింది. 1977లో మేరీ లీ స్మిత్, జీన్ గ్లాస్ దాదాపు 375 అధ్యయనాల్ని ఒకచోట చేర్చి లెక్కించారు. మాటల వైద్యం తీసుకున్న సగటు మనిషి, తీసుకోనివాళ్ళలో 75 శాతం మంది కన్నా మెరుగ్గా ఉన్నాడని తేలింది.

మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ గోవాది. డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం అక్కడ 10 పీహెచ్‌సీల్లో, పీహెచ్‌క్యూ-9లో 15 ఆపైన వచ్చిన 495 మందిని తీసుకుంది. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి దాంతోపాటు ఆరు నుంచి ఎనిమిది విడతల మాటల వైద్యం. చేసినవాళ్ళు డాక్టర్లూ కాదు, సైకాలజిస్టులూ కాదు. శిక్షణ పొందిన స్థానికులు. మూడు నెలలకి స్కోరు 10 లోపుకి దిగినవాళ్ళు మొదటి జట్టులో 39 శాతం, రెండో జట్టులో 64 శాతం. ఏడాది తర్వాత కూడా ఆ మేలు నిలిచింది. మూడు నెలల ఫలితాల్ని 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది.

ఇంతకీ ఆ స్థానికులు చెప్పినవి కబుర్లు కావు. డిప్రెషన్ వచ్చిన మనిషి ఒక్కొక్క పనీ మానేస్తాడు. మానేసినకొద్దీ సంతోషపడే సందర్భాలు తగ్గుతాయి, తగ్గినకొద్దీ ఇంకా ముడుచుకుపోతాడు. ఆ చుట్టుని తెంచడానికి, ఏ పని చేసిన రోజు మనసు ఎలా ఉందో రాయిస్తారు. తర్వాత వారానికి ఇన్ని అని చిన్న చిన్న పనులు రోజూ, వేళా రాసిచ్చి చేయిస్తారు. తెల్లారి పాలు తెచ్చి ఇవ్వడం, మాట్లాడటం మానేసిన స్నేహితుడికి ఫోన్ చేయడం లాంటివి. హుషారు వచ్చాక చేద్దాం అనరు, చేస్తే హుషారు వస్తుందంటారు. వినడానికి తేలికే. పద్ధతిగా, విడవకుండా చేయించడానికే మనిషి కావాలి. తండ్రి చెబితే అది మందలింపుగా వినిపిస్తుంది. మీ తప్పు కాదు, బంధుత్వం అలాంటిది.

అందరికీ పనిచేస్తుందని మాత్రం చెప్పను. గోవాలోనే 36 శాతం మంది స్కోరు 10 లోపుకి దిగలేదు. జబ్బు తీవ్రంగా ఉంటే మందూ మాటా కలిపి వాడితే ఏ ఒక్కదానికన్నా మేలు. కాబట్టి ఆ సైకాలజిస్టుని మూడు సంగతులు అడగండి: ఏ పద్ధతిలో చేస్తున్నారు, సుమారు ఎన్ని విడతలు, తగ్గుతోందని ఎలా తెలుస్తుంది. సూటిగా జవాబొస్తే డబ్బు దండగ కాదు. ఆరేడు విడతలయ్యాక కూడా మార్పు లేకపోతే పద్ధతి మార్చమనండి, లేదా మనిషిని మార్చండి.

ప్రశ్న: మా బాపుకు 71 ఏండ్లు. అమ్మ పోయి ఏడాది దాటింది, సంవత్సరీకం కూడా అయింది. కడుపుల మంట, ఒంట్ల సత్తువ లేదు, నిద్ర పట్టది అంటడు. స్కానింగులు, ఎండోస్కోపీ అన్నీ నార్మల్. ఏడ్వడు, దిగులు అని ఒక్కమాట అనడు. ఇది మనసుకు సంబంధించిందేనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కావచ్చు. పెద్ద వయసులో దిగులు చాలాసార్లు ఒంటి బాధ రూపంలోనే బయటికొస్తుంది. ఆ తరం మగవాళ్ళకి ‘నాకు బెంగగా ఉంది’ అనడం అలవాటు లేదు. చిక్కేమిటంటే, ఆ వయసులో నిద్ర తగ్గడం, నీరసం వేరే కారణాల వల్ల కూడా వస్తాయి. అందుకే పెద్దవాళ్ళ కోసం 1980ల మొదట్లో వేరే ప్రశ్నావళి తయారుచేశారు. జీడీఎస్ అంటారు. అందులో ఒంటి బాధల జోలికి పోరు. ‘బతుకు ఖాళీగా అనిపిస్తోందా?’ లాంటి ప్రశ్నలకి అవును, కాదు అంటే చాలు. పొట్టి రూపంలో 15 ప్రశ్నలే.

శోకానికీ డిప్రెషన్‌కీ గీత ఎక్కడన్నది మానసిక వైద్యుల్లోనే తెగని వాదన. 2013 దాకా అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం, అయినవాళ్ళు పోయిన మొదటి రెండు నెలల్లో డిప్రెషన్ అని రాయొద్దనేది. ఆ ఏడు ఆ మినహాయింపు తీసేశారు. దాని మీద విమర్శలు కూడా వచ్చాయి. మీ బాపు విషయంలో ఏడాది దాటింది కాబట్టి ఆ వాదనతో పని లేదు. మనుమలొస్తే ముఖం విప్పుతున్నాడా? అమ్మ ముచ్చట చెప్పి నవ్వగలుగుతున్నాడా? అయితే అది శోకమే, మెల్లగా సర్దుకుంటుంది. దేనికీ కదలక, ‘నేనుండి ఏం లాభం’ అంటుంటే అది చికిత్స చేయాల్సిన డిప్రెషన్. థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించి, మతిమరుపు ఉందేమో కూడా చూడమని మానసిక వైద్యుడిని అడగండి.

ప్రశ్న: మా చెల్లి పుట్టింట్లో ఉంది. కాన్పై ఏడు వారాలు. పసివాడిని ఎత్తుకోదు, నేను మంచి తల్లిని కానంటూ ఏడుస్తుంది. బాలింతకి గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. మందులు వాడితే పాలు ఇవ్వకూడదట కదా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కాన్పైన మూడో రోజు నుంచి వచ్చే ఏడుపు, చిరాకు రెండు వారాల్లో పోతాయి. ఏడు వారాలైనా పోలేదంటే ప్రసవానంతర డిప్రెషన్ అయివుంటుంది. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, దాంతోపాటు డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళండి. దీన్ని చూడటానికి 1987లో ఎడిన్‌బరోలో తయారైన పది ప్రశ్నల పరీక్ష ఉంది. పాలిచ్చే తల్లులకి ఇవ్వదగిన మందులూ ఉన్నాయి. పాలిస్తున్న సంగతి డాక్టరుకి ముందే చెబితే చాలు. ఒక్క హెచ్చరిక: రాత్రుళ్ళు అసలు నిద్రపోకుండా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందన్నా, బిడ్డ గురించి వింతగా మాట్లాడినా అది వేరే జబ్బు. గంటల్లో ఆసుపత్రికి చేరాలి.

మాటల వైద్యం ఈ తల్లులకి ఎంత మేలు చేస్తుందో పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గరి పల్లెల్లో చూశారు. మన ఆశాల్లాంటి ఆరోగ్య కార్యకర్తలే గర్భం నుంచి కాన్పు తర్వాత దాకా ఇంటికెళ్ళి ఈ వైద్యం చేశారు. కాన్పైన ఆరు నెలలకి డిప్రెషన్ మిగిలినవాళ్ళు 23 శాతం. అది అందని ఊళ్ళల్లో 53 శాతం. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతిని తన మాన్యువల్‌గా తెచ్చింది. మీ ఇంట్లో ఇప్పటికిప్పుడు చేయగలిగింది: రాత్రి ఒక పూట బిడ్డని ఇంకొకరు చూసుకుని ఆమెను నిద్రపోనివ్వండి. నువ్వు మంచి తల్లివా కాదా అన్న చర్చ ఎవరూ పెట్టకండి.

ప్రశ్న: రెండు నెలలు మందు వాడాను. పూర్తిగా బాగుంది. ఆపేయవచ్చా? ఇకపై కౌన్సెలర్ దగ్గరికి వెళ్దామనుకుంటున్నాను. ఎవరిని నమ్మాలి?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీ అంతట మీరు ఆపకండి. బాగైన తర్వాత కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ముందే ఆపితే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఇక కౌన్సెలర్ అన్న బోర్డు చూసి నమ్మొద్దు. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు నంబరు ఉండాలి. అడగడం తప్పు కాదు. మందులు రాయవలసింది మానసిక వైద్యులు. డబ్బు ఇబ్బందైతే ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి మీకు దగ్గరే. ఆరోగ్య బీమా ఉంటే, ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకీ వర్తింపజేయాలని 2017 చట్టం చెబుతోంది. పాలసీ కాగితం తీసి చూసుకోండి.

పాఠకులకు మనవి: ఈ పేజీలో జవాబు రావడానికి వారాలు పడుతుంది. చనిపోవాలన్న ఆలోచన మీకున్నా, మీ ఇంట్లో ఎవరికున్నా మాకు ఉత్తరం రాసి ఎదురుచూడకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఎప్పుడైనా, తెలుగులోనే, ఉచితంగా మాట్లాడవచ్చు. ఇప్పుడే ఫోన్ చేయండి.