మనిషికి రంగు పెట్టవచ్చునా?



శ్రీకాళహస్తి కలంకారీ బొమ్మలను మనలో చాలామంది చూచియున్నాము. దేవతలకు నీలం, స్త్రీ పాత్రలకు పసుపు, రాక్షసులకు ఎరుపు వేయడం వాటిలో వాడుక. రంగును బట్టి పాత్రను గుర్తిస్తాము.

నేడు ఉద్యోగుల శిక్షణ తరగతులలో మనుషులకు కూడా ఇలాగే రంగులు పెడుతున్నారు.

ఎరుపు: త్వరగా నిర్ణయించి, పని చేయించేవారు.
పసుపు: కలుపుగోలుగా మాట్లాడేవారు.
ఆకుపచ్చ: నెమ్మది, ఓర్పు గలవారు.
నీలం: లెక్క, క్రమం తప్పనివారు.

1928లో అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు విలియం మార్‌స్టన్ నాలుగు ప్రవర్తనా రీతులను వివరించాడు. రంగులు తరువాతివారు చేర్చినవి.

ఒకరినొకరు అర్థం చేసుకోవడానికి ఇది కొంత ఉపయోగమే. అయితే ఇది వైద్య పరీక్ష కాదు. పైగా మనిషి మారతాడు. సంఘాన్ని హింసించిన సౌలే అపొస్తలుడైన పౌలు అయ్యాడు (అపొ. కార్యములు 9).

కాబట్టి ఇంట్లో ఎవరినీ "వాని గుణమే అంత" అని వదలివేయవద్దు. నెమ్మదైనవారు కొద్ది వారాలుగా చిరాకు పడుతున్నా, కలుపుగోలు మనిషి మాటలు తగ్గించినా, నిద్ర, ఆకలి చెడినా డాక్టరుకు చూపించండి. థైరాయిడ్ జబ్బు, డిప్రెషన్, మద్యం వంటివి కారణం కావచ్చు. టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోతానని అంటే ఒంటరిగా విడువక వెంటనే ఆసుపత్రికి తీసుకొని రండి.

దేవుడు పైరూపాన్ని కాక హృదయాన్ని చూస్తాడని 1 సమూయేలు 16వ అధ్యాయం నేర్పుతుంది. మనమూ ఒకరికి రంగు పెట్టక ముందు, "ఈ మధ్య ఎట్లున్నావు?" అని అడుగుదాము.