నల్లరేగడి నేలకు వరిగడ్డి కప్పు

గత వర్షాకాలమున మన కళాశాల ఆవరణలో విద్యార్థులు నాటిన మొక్కలలో అనేకము వేసవి రాకమునుపే ఎండిపోయినవి. బయటినుండి ఎర్రమట్టి తెప్పించవలెనని కొందరు సూచించుచున్నారు. మేము వ్యవసాయశాస్త్రము చదివినవారము కాము. కాని రేగడి పొలముల నడుమ పెరిగినవారము. నేలను నిందించుటకు ముందు దాని స్వభావము నెరుగుట మంచిదని మా అభిప్రాయము.

నల్లరేగడిలో బంకమన్ను పాలు ఎక్కువ. బంకమన్ను రేణువు వ్యాసము 0.002 మిల్లీమీటరుకంటె తక్కువ. ఇంతటి సూక్ష్మరేణువులు నీటిని, పోషకములను గట్టిగా పట్టియుంచును. కావుననే రేగడి సారవంతమైనది. అయితే తడిసినప్పుడు ఈ నేల ఉబ్బి, సందులు మూసికొనిపోవును. వేళ్లకు గాలి అందదు. ఎండినప్పుడు కుంచించుకొని నెర్రెలు విచ్చును, లేతవేళ్లు తెగిపోవును. లోపము సారములో లేదు, మట్టి కూర్పులో నున్నది. కొద్దిపాటి ఇసుక కలిపినంతమాత్రమున ఆ కూర్పు మారదు.

దీనికి సులభమైన ఉపాయము నేలపై వరిగడ్డి పరచుట. దీనినే ఆచ్ఛాదనము అందురు. దీనివలన మేలు మూడు విధములు. మొదటిది, వానచినుకులు నేరుగా తాకి పైమట్టిని అట్టకట్టింపవు. రెండవది, ఎండ సోకనందున తేమ నిలుచును, నెర్రెలు తగ్గును. మూడవది, ముఖ్యమైనది: గడ్డి అడుగుభాగము క్రమముగా చివుకును. దానికై చేరిన వానపాములు నేలలో బొరియలు చేయును. సూక్ష్మజీవులు విడుచు జిగట పదార్థము మట్టిరేణువులను చిన్న గుళికలుగా కూర్చును. ఆ గుళికల సందులలో గాలియు నీరును ప్రసరించును.

గడ్డిని మట్టిలోనే కలిపి త్రవ్వరాదా యని విద్యార్థులు అడుగవచ్చును. వరిగడ్డిలో నత్రజనికంటె కర్బనము అనేక రెట్లు అధికము. మట్టిలో కలిపినచో, దానిని చివికించు సూక్ష్మజీవులు తమకు వలసిన నత్రజనిని నేలనుండియే గ్రహించును. మొక్కల ఆకులు పసుపువన్నెకు తిరుగును. పైన పరచినచో ఈ చిక్కు స్వల్పము.

తొలకరికి నేల బాగుగా తడిసిన పిదప కలుపు తీసి, చివికిన పశువుల ఎరువు పలుచగా చల్లి, నాలుగంగుళముల మందమున గడ్డి పరచవలెను. మొక్క మొదలుచుట్టు జానెడు ఎడము విడువవలెను. లేనిచో కాండము కుళ్లును, చెదలు పట్టును. గడ్డి అణగినకొలది మరల వేయవలెను. తడినేలను త్రొక్కరాదు.

జపాను రైతు మసనోబు ఫుకువోకా వరికోత పిదప గడ్డినంతయు తిరిగి ఆ పొలముపైననే చల్లెడివాడు. 1975లో వెలువడిన ఆయన గ్రంథము 'గడ్డిపరకతో విప్లవం' అను పేర తెలుగులోనికి వచ్చినది. మన ప్రాంతమున యంత్రముతో కోసిన పొలములలో ఆ గడ్డినే తగులబెట్టుట చూచుచున్నాము.

నేల ఒక్క ఏట మారదు. ఎర్రమట్టికి ధనము వెచ్చించుటకు ముందు, ప్రహరీ ప్రక్కన ఒక వరుసకు గడ్డి పరచి, వేరొక వరుసను అట్లే విడిచి, రెండేండ్లు పరిశీలించుటకు పాలకవర్గమువారు అనుమతింతురని ఆశించుచున్నాము. ఆ గడ్డిని పశువులనుండియు నిప్పునుండియు కాపాడు భారము విద్యార్థులది. పిదప రెండు వరుసలనుండి గుప్పెడు గుప్పెడు మట్టి తీసి నలిపి చూచినచో, తీర్పు వారి చేతులే చెప్పును.