చేప వేగిందా, ఉడికిందా?



ఈసారి మన తెలుగు పాఠం వంటింట్లో జరుగుతుంది. వండేది ముళ్లు తీసిన తెల్ల చేప ముక్క. వండే సాధనం ఎయిర్ ఫ్రయర్. నేర్చుకునేది క్రియలు. చివర అభ్యాసం కూడా ఉంది, కాబట్టి పెన్సిల్ దగ్గర పెట్టుకోండి.

ఈ పాఠం ఎలా పుట్టిందో ముందు చెబుతాను. పోయిన ఏడాది వరకు నేను రాజస్థాన్‌లో పనిచేశాను. మా బడిలో తెలుగు పిల్లలు కొద్దిమందే. ఒకరోజు ఎనిమిదో తరగతి వాళ్లకు "మా ఇంటి వంట" అని రాయమన్నాను. ఒక అమ్మాయి ఇలా రాసింది: "ఫిష్‌ని వాష్ చేయాలి. డ్రై చేయాలి. మారినేట్ చేయాలి. ఎయిర్ ఫ్రయర్‌లో కుక్ చేయాలి. టర్న్ చేయాలి. సర్వ్ చేయాలి."

అక్షరదోషం ఒక్కటీ లేదు. మార్కులు తగ్గించడానికి కారణం దొరకలేదు. కానీ ఆరు వాక్యాల్లో ఉన్న తెలుగు క్రియ ఒక్కటే: చేయాలి. నోట్‌బుక్‌లో కింద "ఇది మీ అమ్మమ్మకు ఫోన్‌లో చెప్పి చూడు" అని రాసి ఇచ్చాను.

మర్నాడు ఆ పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "చెప్పాను మేడమ్. అమ్మమ్మ కాసేపు విని, ఫోన్ అమ్మకివ్వమంది" అంది. నవ్వుతూనే చెప్పింది కానీ, ఆ నవ్వు నాకు నచ్చలేదు. వాళ్ల అమ్మమ్మది భీమవరం దగ్గర పల్లె. చేప గురించి ఆవిడకు తెలియనిది ఉండదు. అయినా మనవరాలితో చేప గురించే మాట్లాడలేకపోయింది.

ఆ ఆదివారం ఆ అమ్మాయినీ వాళ్లమ్మనూ మా క్వార్టర్‌కు రమ్మన్నాను. ముగ్గురం కలిసి వండాం. ఇక పాఠంలోకి వద్దాం.

1. చేప

మేమున్న ఊరు సముద్రానికి చాలా దూరం. అక్కడ మాకు దొరికింది మంచులో గడ్డకట్టించిన బాసా. బాసా పేరుతో మన దేశంలో అమ్మేది ఎక్కువగా పంగాసియస్ అనే జెల్ల జాతి చేప. వియత్నాంలో మెకాంగ్ నది ప్రాంతంలో దీన్ని విస్తారంగా పెంచుతారు. మన ఆంధ్ర చెరువుల్లోనూ పెంచుతున్నారు. వెన్నుముల్లుకు రెండు పక్కలా ఉన్న కండను పొడవుగా కోసి, ముళ్లూ తోలూ తీసి అమ్మే ముక్కను ఫిల్లెట్ అంటారు.

తీరప్రాంతంలో ఉన్నవాళ్లకు పండుగప్ప దొరుకుతుంది. తెలంగాణ పిల్లలు కొరమీనును అడగండి. అది తెలంగాణ రాష్ట్ర చేప. ముళ్లు తక్కువ, కండ తెల్లగా గట్టిగా ఉంటుంది. పులసను మాత్రం ఈ వంటకు తేవద్దు. దాని నిండా సన్నని ముళ్లు, కండ నిండా నూనె. దాని చోటు పులుసు కుండలోనే.

కొన్ని చేపల కండ తెల్లగా, కొన్నిటిది ఎర్రగా ఎందుకుంటుంది? కండరాల్లో మయోగ్లోబిన్ అనే ఎర్రని ప్రోటీన్ ఉంటుంది. అది ఆక్సిజన్‌ను పట్టి ఉంచుతుంది. ట్యూనాలాగా రోజంతా ఆగకుండా ఈదే చేపకు అది చాలా కావాలి. అందుకే దాని కండ ఎరుపు. ఎక్కువసేపు కదలకుండా ఉండి, అవసరమైనప్పుడు ఒక్క ఉదుటున కదిలే చేపకు అంత అక్కర్లేదు. దాని కండ తెలుపు. ఇలాంటి తెల్ల చేపల్లో కొవ్వు తక్కువ. రెండు నిమిషాలు ఎక్కువ ఉంచితే చాలు, ఎండిపోయి పీచులా అవుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి. వంట మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది.

2. పొయ్యి

ఎయిర్ ఫ్రయర్ ఇప్పటి మన రూపంలో 2010లో బెర్లిన్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో జనం ముందుకు వచ్చింది. లోపల ఉన్నవి రెండే ముఖ్యమైన భాగాలు. పైన వేడెక్కే తీగచుట్ట, దాని మీద ఫ్యాను. ఫ్యాను వేడి గాలిని బుట్టలోని తిండి చుట్టూ వేగంగా తిప్పుతుంది. ఇది నూనె మూకుడు కాదు, ఒక చిన్న ఓవెన్ అనుకోండి. రాజస్థాన్ పిల్లలకు ఇది చెప్పడం తేలికైంది. మే నెలలో అక్కడ "లూ" వీస్తుంది, అంటే మన వడగాలి. ఉతికిన బట్ట పది నిమిషాల్లో ఎండిపోతుంది. నీడలో కూడా ఒళ్లు కాలినట్టుంటుంది. వేడి ఒక్కటే అయితే అంత పని జరగదు. గాలి కదలడం వల్ల బట్ట మీది తడి వెంటవెంటనే పోతుంది. అది విని మా తరగతి పిల్లలు ఎయిర్ ఫ్రయర్‌కు "వడగాలి పొయ్యి" అని పేరు పెట్టారు. నిఘంటువులో ఉండదు, అయినా నేను ఒప్పుకున్నాను.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. కొత్తలో నేను దీన్ని ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించాను. కాసేపటికి ప్లగ్గు వేడెక్కి కాలిన వాసన వచ్చింది. లెక్క చూడండి. మా ఫ్రయర్ 1400 వాట్లది. 1400ను 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 6.1 ఆంపియర్లు. గోడకుండే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. ఆ లెక్క ముందే వేసుకుని ఉంటే, దీన్ని గీజర్‌కు వాడే పెద్ద 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టేదాన్ని. కొత్త క్వార్టర్‌లో దిగగానే ఆ సాకెట్ ఎక్కడుందో చూసుకోండి. పెట్టెను గోడకు ఆనించకూడదు, వెనక నుంచి వేడిగాలి బయటికి వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు పక్కన లేకుండా స్విచ్ వేయవద్దు.

3. తయారీ

కావలసినవి: రెండు ఫిల్లెట్లు (ఒక్కొక్కటి సుమారు 150 గ్రాములు, 2 సెంటీమీటర్ల మందం), పావు చెంచా పసుపు, చెంచా కారం, ముప్పావు చెంచా ఉప్పు, అర చెంచా ధనియాల పొడి, చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద, పెద్ద చెంచా బియ్యప్పిండి, రెండు చెంచాల నూనె, అర చెక్క నిమ్మకాయ.

మంచు కరగనివ్వండి. ముందురోజు రాత్రి ప్యాకెట్‌ను గిన్నెలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. గట్టు మీద వదిలేస్తే లోపల గడ్డగా ఉండగానే పైభాగం పాడవడం మొదలవుతుంది.

ముక్కల్ని కడిగి, పొడిబట్టతో గాని కాగితంతో గాని రెండువైపులా అద్దండి. రుద్దకండి, కండ చెదురుతుంది. తడి బాగా పోవాలి. నీరున్నంత సేపూ చేప పైభాగం 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రబడి కమ్మని వాసన రావడం సుమారు 140 డిగ్రీల పైన గాని చురుగ్గా సాగదు. తడి చేపను పెడితే పెట్టెలో సగం సమయం నీళ్లు ఆవిరి చేయడానికే సరిపోతుంది. అది ఎర్రబడేలోగా లోపల ఎండిపోతుంది.

ఉప్పు, కారం, పసుపు, ధనియాల పొడి, అల్లం వెల్లుల్లి ముద్దను చెంచా నూనెతో కలిపి ముక్కలకు పట్టించండి. ఇరవై నిమిషాలు ఊరనివ్వండి. నిమ్మరసం ఇప్పుడే వద్దు. ఎక్కువసేపు పులుపులో ఉంటే చేప పొయ్యి ఎక్కకముందే తెల్లబడి మెత్తబడుతుంది.

ఊరిన ముక్కల మీద బియ్యప్పిండి చల్లి, పల్చగా అంటేలా అద్దండి. పెట్టెను 200 డిగ్రీల దగ్గర నాలుగు నిమిషాలు ఖాళీగా వేడి చేయండి. ఖాళీ బుట్టలో కాగితం వేయకండి. గాలికి ఎగిరి తీగచుట్టకు తగిలితే అంటుకుంటుంది. బుట్టకు నూనె రాసి, ముక్కల్ని ఒకదానికొకటి తగలకుండా పరవండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే మధ్యకు గాలి వెళ్లదు. మిగిలిన నూనె పైన పూయండి.

ఆరు నిమిషాలయ్యాక వెడల్పు గరిటెతో జాగ్రత్తగా తిరగేయండి. మరో నాలుగు నిమిషాలు. ఆ తర్వాత మందంగా ఉన్నచోట ఫోర్కుతో మెల్లగా విప్పి చూడండి. పచ్చి చేప గాజులా కాస్త పారదర్శకంగా ఉంటుంది. ఉడికినది పాలలా తెల్లగా, పొరలు పొరలుగా విడిపోతుంది. వంట థర్మామీటర్ ఉంటే నడిమధ్యలో 63 డిగ్రీలు చూపించాలి. ఇంకా కాకపోతే ఒక్కొక్క నిమిషమే పెంచండి. తీసి రెండు నిమిషాలు ఆగి, నిమ్మకాయ పిండండి.

వేడెక్కడంతో కలిపి పెట్టె నడిచింది పదిహేను నిమిషాల లోపే. 1400 వాట్లు పావుగంట నడిస్తే 0.35 యూనిట్.

4. మనం చేసేది, చేపకు జరిగేది

వండుతుండగా ఆ అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. "మేడమ్, ఇందులో చేప వేగుతోందా, కాలుతోందా, ఉడుకుతోందా? తెలుగులో ఏమనాలి?"

మంచి ప్రశ్న. తెలుగులో వేడి దేని ద్వారా అందుతోందో దాన్నిబట్టి క్రియ మారుతుంది. నూనెలో అయితే వేగుతుంది. నీళ్లలో, ఆవిరిలో అయితే ఉడుకుతుంది. నిప్పుల మీద అయితే కాలుతుంది. మూతపెట్టి సన్నని సెగ మీద సొంత తడితో అయితే మగ్గుతుంది. హద్దు దాటితే మాడుతుంది. తెలంగాణలో చాలా ఇళ్లలో వేయించడాన్ని గోలించడం అంటారు. అదీ మన మాటే. మరి గాలిలో?

పూసిన కాస్త నూనె పైభాగాన్ని వేయిస్తుంది. లోపల ఉన్న కండ తన నీటితో తానే ఉడుకుతుంది. ఒకే ముక్కలో రెండు క్రియలు జరుగుతున్నాయి. "కుక్ చేయాలి" అన్న మాటలో ఈ తేడా కనిపించదు.

ఇంకొకటి గమనించండి. మన వంట క్రియలు చాలావరకు జంటలుగా ఉంటాయి.

కరుగు – కరిగించు
ఊరు – ఊరబెట్టు
ఆరు – ఆరబెట్టు
వేగు – వేయించు
ఉడుకు – ఉడికించు
కాలు – కాల్చు
మగ్గు – మగ్గబెట్టు
మాడు – మాడ్చు

మొదటిది చేపకు జరిగేది. దాన్ని అకర్మక క్రియ అంటాం. రెండోది మనం చేసేది. అది సకర్మక క్రియ. హిందీలో మీకు తెలిసిన పక్‌నా–పకానా, ఉబల్‌నా–ఉబాల్‌నా కూడా ఇలాంటి జంటలే. "వేయించాను" అంటే నా పని నేను చేశానని. "వేగింది" అంటే చేప వైపు నుంచి పని పూర్తయిందని. పది నిమిషాలు వేయించినా వేగకపోవచ్చు. గడియారం చూసేవాళ్లకు మొదటి మాట చాలు. వంట వచ్చినవాళ్లు రెండో మాట కోసం చూస్తారు. వాష్ చేయాలి, కుక్ చేయాలి అని రాసినప్పుడు మనం చేసేదే మిగిలింది. చేపకు జరిగేది రాయడానికి మాట లేకుండా పోయింది.

మీ సామాను లారీలో ఎక్కే ప్రతిసారీ కొన్ని పాత్రలు పగులుతాయి, కొన్ని పోతాయి. నాకూ అంతే. వాటిని మళ్లీ కొనుక్కోవచ్చు. మాటలకు అట్టపెట్టె అక్కర్లేదు, కానీ వాడకపోతే అవి కూడా వెనక ఊళ్లో ఉండిపోతాయి. ఎయిర్ ఫ్రయర్, ఫిల్లెట్ లాంటి పేర్లు కొత్తగా వచ్చినా ఫర్వాలేదు, వాటికి చోటిద్దాం. వేగడం, ఊరడం, మగ్గడం మాత్రం వదలొద్దు.

చేప బయటికి తీశాక వాళ్లమ్మ భీమవరానికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి కూతురి చేతికిచ్చింది. ఈసారి పిల్ల తడుముకుంటూనే చెప్పింది. "చేప కడిగాం అమ్మమ్మా. తడి అద్దాం. ఉప్పూకారం పట్టించి ఊరబెట్టాం. గాలి పొయ్యిలో పెట్టి, మధ్యలో తిరగేశాం."

అవతల ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. తర్వాత ఆవిడ అడిగింది: "పైన ఎర్రగా వేగిందా తల్లీ? లోపల ఉడికిందా?"

ఆవిడ ఎయిర్ ఫ్రయర్‌ను ఎన్నడూ చూడలేదు. మేం అరగంట చర్చించి తేల్చుకున్నది ఒక్క ప్రశ్నలో అడిగేసింది. పిల్ల ఫోర్కుతో ముక్క విప్పి చూసి, "వేగింది. ఉడికింది కూడా" అంది. ఆ తర్వాత ఫోన్ అమ్మ చేతికి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

అభ్యాసం

1. ఈ పాఠంలో ఉన్న క్రియల్ని వాడి, మీ ఇంట్లో చేసే ఒక వంటను పది వాక్యాల్లో రాయండి. "చేయాలి" ఒక్కసారే వాడాలి.

2. ఎండు, నాను, పులియు – వీటికి సకర్మక జంటలు రాయండి.

3. మీ ఫ్రయర్ 1200 వాట్లది అయితే ఎన్ని ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది? ఇరవై నిమిషాలకు ఎన్ని యూనిట్లు?

4. ఇప్పుడు మీరున్న ఊళ్లో పక్కింటివాళ్లు వేయించడాన్ని, ఉడికించడాన్ని ఏమంటారో అడిగి, తెలుగు లిపిలో రాసుకోండి. తర్వాతి ఊరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం దాచుకోండి.

5. మీరు రాసింది అమ్మమ్మకో నానమ్మకో తాతయ్యకో ఫోన్‌లో చదివి వినిపించండి. వాళ్లు మిమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్నను నోట్‌బుక్‌లో రాసి తీసుకురండి. దానికే మార్కులు.